తిత్లీ రాత్రి కనిపించకుండా పోయిన మనిషి: ప్రేమ, ద్రోహం, నేరం కలిసిన నవల రాయడం ఎలా?

నా మొదటి నవలలో హంతకుడు శవాన్ని శ్రీకాకుళం పాత వంతెన మీంచి నాగావళిలోకి తోసేస్తాడు. ఏప్రిల్ నెల, అర్ధరాత్రి. కింద దబ్బుమని నీళ్ల చప్పుడు, తర్వాత అంతా నిశ్శబ్దం. రాసుకుని నేనే మురిసిపోయాను. పుస్తకం వచ్చిన నెల్లాళ్లకి ఆమదాలవలస నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. "బాబూ, ఏప్రిల్లో ఆ వంతెన కింద ఉండేది ఇసక. నువ్వు తోసిన మనిషిని తెల్లారకముందే చెంబట్టుకుని వెళ్లినవాడెవడో చూసేస్తాడు. మరి నీ హీరో మూడొందల పేజీలు దేనికి వెతికాడో నాకు బోధపడలేదు."

సిగ్గుతో ఆ ఉత్తరాన్ని బీరువాలో అడుగున పెట్టాను. ఈ రకం నవల రాయడం మాత్రం అక్కడినుంచే నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పేదంతా ఒక కథని దగ్గర పెట్టుకుని చెబుతాను. కథ పూర్తిగా కల్పితం. ఊరికి పేరు పెట్టను, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఎక్కడో అనుకోండి. నీలవేణి అనే అమ్మాయి, వయసు 26, పలాస పక్కన కాశీబుగ్గలో జీడిపిక్కల పని. ఆమె మనసిచ్చిన రాజు ఆడవాళ్ల దగ్గర చీటీలు నడుపుతాడు. ఆమెని చేసుకుందామనుకుని, చెప్పలేక ఊరుకున్న బావ అప్పన్న. ఆమె చదివిస్తున్న చెల్లెలు దేవి. ఒక రాత్రి నీలవేణి కనిపించకుండా పోతుంది.

మొదటి మెట్టు: మనిషి కంటే ముందు రాత్రిని ఎంచుకోండి

చాలామంది హీరోయిన్ కళ్ల వర్ణనతో మొదలుపెడతారు. నేను క్యాలెండరుతో మొదలుపెడతాను. ఎందుకంటే మన కాలంలో మనిషి మాయమవడం అంత తేలిక కాదు. జేబులో ఫోను ఉంటుంది, సెంటర్లో కెమెరా ఉంటుంది. కారులో హైవే ఎక్కితే మడపం టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ ఏ నిమిషంలో దాటారో రాసిపెట్టుకుంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ రాస్తే కథ కుంటుతుంది. "అదే సమయానికి కెమెరా పనిచెయ్యలేదు" అని రాశారంటే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

అందుకని అన్నీ ఒకేసారి పనిచెయ్యని రాత్రి కావాలి. మన జిల్లాకి అలాంటి రాత్రి ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కరెంటు స్తంభాలు వంగిపోయాయి, సెల్ టవర్లు మూగబోయాయి, కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పెళ్లగించుకుపోయాయి. ఈ చివరి ముక్కని రెండుసార్లు చదవండి. చెట్టు వేళ్లతో లేచిపోతే కింద గొయ్యి మిగులుతుంది. తెల్లారేసరికి ఉద్దానం నిండా అలాంటి గోతులే. వాటిలో ఒకటి పూడ్చి ఉంటే ఎవరు చూస్తారు? నేరానికి చోటు వెతుక్కునే పని నాకు తప్పింది, తుపానే చూపించింది.

చంద్రుడి సంగతి కూడా చూసుకోండి. ఆ ఏడాది దసరా నవరాత్రులు అక్టోబరు 10న మొదలయ్యాయి. అంటే అమావాస్య దాటి ఒకటి రెండు రోజులే. ఆ రాత్రి మబ్బు లేకపోయినా వెన్నెల ఉండదు. "మబ్బుల చాటు నుంచి జాబిల్లి తొంగిచూసింది" అని రాయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయకండి.

సముద్రం పక్కన కథ పెడితే ఇంకో రెండు లెక్కలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో అర్ధరాత్రి మరబోటు బయల్దేరితే తీరమంతా లేచి చూస్తుంది. రెండోది వలస. మన మత్స్యకారులు ఎంతోమంది గుజరాత్‌లోని వేరావల్‌కి పోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. అక్టోబరులో మీ మత్స్యకార హీరో కళింగపట్నం లైట్‌హౌస్ కింద కూర్చుని ప్రేమలేఖ రాస్తున్నాడంటే, ఏడాదంతా ఇంటిపట్టునే ఎందుకున్నాడో మీరు చెప్పాలి. నా కథలో అప్పన్న ఆ రాత్రి వేరావల్‌లో ఉన్నాడు. అందుకే అతని మీద అనుమానం రాదు. తను ఊళ్లో లేకపోయానే అన్న దిగులూ అందుకే అతన్ని వదలదు.

విజయనగరం వాళ్లు తుపాను కోసం చూడక్కర్లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఉంది. గుడి దగ్గర్నుంచి కోట దాకా లక్షల జనం. సిరిమాను అనే పొడవాటి మాను కొసన పూజారి ఆకాశంలో ఊగుతుంటే అందరి తలలూ పైకే ఉంటాయి. పక్కనున్న మనిషి ఎప్పుడు చెయ్యి వదిలాడో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క దృశ్యంతో నవల మొదలుపెట్టొచ్చు. నేను రాయలేదు, మీరు రాయండి.

రెండో మెట్టు: మాయం చేసేముందు ఆమెని బతకనివ్వండి

ఈ తరహా కథల్లో మాయమైన మనిషి సాధారణంగా ఒక ఫొటో. గోడకి తగిలించి ఉంటుంది, అందరూ దాని ముందు ఏడుస్తారు. ఆమె ఎప్పుడు విసుక్కునేదో, దేనికి నవ్వేదో, ఎవరికి అప్పుందో మనకి తెలియదు. తెలియని మనిషి పోతే పాఠకుడికేం నష్టం?

దీనికి నేను చేసే పని ఒకటుంది. ఆమె మాయం కాకపోయి ఉంటే మర్నాడు చెయ్యాల్సిన పనులన్నీ కాగితం మీద రాస్తాను. నీలవేణివి ఇవీ: కాశీబుగ్గలో టైలరు దగ్గరున్న జాకెట్టు తెచ్చుకోవాలి, చంకలో బిగువైందని మళ్లీ ఇచ్చింది. నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. చెల్లెలికి హాస్టల్ డబ్బు పంపాలి. పక్కింటి వదిన దగ్గర తెచ్చుకున్న కుంచం తిరిగివ్వాలి. చీటీ పాట సంగతి రాజుని నిలదీయాలి. కోడి పొదిగిన గుడ్లు ఆ వారంలోనే పిల్లలవుతాయి, చూడాలి.

ఇప్పుడు ఆమెని తీసేయండి. చెయ్యని పనులు ఒక్కొక్కటే వచ్చి ఎవరో ఒకరి తలుపు తడతాయి. టైలరు జాకెట్టు పట్టుకుని ఇంటికొస్తాడు. అప్పటికింకా ఎవరికీ తెలియదు. నాన్నకి డయాలసిస్ తప్పిపోయింది, రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి, తీసుకెళ్లే మనిషి లేదు. ఏడో అధ్యాయం దాకా కథ ఎలా నడపాలన్న టెన్షన్ నాకు అక్కడితో పోయింది.

డయాలసిస్ అన్నాను కాబట్టి ఒక మాట. ఉద్దానం కిడ్నీ జబ్బుని అలంకారంగా వాడకండి. కథకి విషాదం సరిపోలేదని ఒక రోగిని మంచం మీద పడుకోబెట్టడం నాకు నచ్చదు. ఆ ఇంట్లో జబ్బుంటే దాని ఖర్చు, దాని రోజులు, రోగి తాగే నీళ్ల కొలత, అన్నీ కథని నడపాలి. లేదంటే ఆ ఊసే ఎత్తకండి.

మూడో మెట్టు: ఆధారమూ ప్రేమా ఒకే వస్తువులో ఉండాలి

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఇదే. ప్రేమకథ ఒక పక్క, నేరపరిశోధన ఇంకో పక్క నడిచి చివర్లో కలిసే నవలలు చాలా చదివాను, రెండు రాశాను కూడా. అవి అతుకుల బొంతలు. నేరాన్ని పట్టిచ్చే వస్తువే ప్రేమని కూడా చెప్పాలి.

జీడిపిక్కల పని చూడనివాళ్లకి కొంచెం చెబుతాను. పిక్కని ఉడకబెట్టో కాల్చో మెత్తబరిచి, కొట్టి, లోపలి పప్పు పగలకుండా తీయాలి. గుండు పప్పుకి ఒక ధర, బద్దకి ఒక ధర. పెంకులో జీడి ఉంటుంది, నల్లటి నూనె. తగిలితే చర్మం పొక్కుతుంది, కాలుతుంది. చేతులకి నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. అయినా ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్లు నల్లబడి, చివర్లు అరిగి నున్నగా అయిపోతాయి. గీతలు పోతాయి. గీతలు పోతే వేలిముద్రల మిషన్ వాళ్లని గుర్తుపట్టదు.

రేషన్ డిపో దగ్గర నేను చూసిందే రెండో అధ్యాయంలో పెట్టాను. నీలవేణి వేలు పెడుతుంది, మిషన్ కూస్తుంది. ఇంకో వేలు, మళ్లీ అదే కూత. డీలరు "చెయ్యి తుడుచుకోవమ్మా" అంటాడు. ఆమె పమిటకి తుడుచుకుని పెడుతుంది. వెనకున్నవాళ్లు నవ్వుతారు. చివరికి కంటిపాప చూపించి బియ్యం తీసుకుంటుంది. వరసలో నాలుగో మనిషి అప్పన్న, వేరావల్ వెళ్లకముందు. చదివేవాళ్లకి అది నవ్వుకునే సన్నివేశం. అలాగే ఉండాలి. ఆధారాన్ని నవ్వు చాటున దాచండి, ఏడుపు చాటున దాస్తే దొరికిపోతుంది.

ఆ తర్వాత తిత్లీ. నీలవేణి లేదు. చీటీ డబ్బు కూడా లేదు. ఊరంతా రాజు మీద పడబోతే అతనొక కాగితం బయటపెడతాడు. "చీటీ మొత్తం నాకు ముట్టినది" అని నీలవేణి రాసిచ్చిన రసీదు, తుపానుకి రెండు రోజుల ముందు తేదీ. కింద సంతకం, పక్కన వేలిముద్ర. మన దగ్గర అప్పు పత్రాల మీద సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేయించుకోవడం మామూలే కాబట్టి ఎవరికీ వింత అనిపించదు. డబ్బు తీసుకుని లేచిపోయిందన్నమాట! కథ అక్కడ ముగిసిపోయినట్టే ఉంటుంది. కాగితం మీద వేలిముద్ర మాత్రం గీత గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

మిషన్ గుర్తుపట్టని వేలు కాగితం మీద అంత చక్కగా ఎలా పడింది?

ఇక్కడ ఒక కంత పూడ్చుకోవాలి. ఆ పని కొన్ని వారాలు మానేస్తే గీతలు మళ్లీ తేలే అవకాశం ఉంది. తెలిసిన పాఠకుడు అదే అడుగుతాడు. అందుకని ఆ వారం కూడా ఆమె పనిలోనే ఉన్నట్టు ఫ్యాక్టరీ హాజరు పుస్తకం ఒకటి కథలో పెట్టాను. పలాసలో బయటి దేశాల పిక్కలు కూడా దిగుతాయి, అక్టోబరులోనూ పని ఉంటుంది.

సరే, ఆ వేలు ఎవరిది? పిక్క ముట్టని వేలు అయి ఉండాలి. ఆ ఇంట్లో అలాంటి వేళ్లు ఒక్కరికే ఉన్నాయి, దేవికి. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తన చేతులు కాలినా చెల్లెలి చేతులకి జీడి అంటకూడదని అక్క అనుకుంది కాబట్టే అవి అంత శుభ్రంగా ఉన్నాయి. అక్క ప్రేమే చెల్లెల్ని పట్టిస్తుంది. ఇది తట్టిన రోజు నేను అన్నం తినలేదు.

మీ కథలో వేలిముద్ర అక్కర్లేదు. పొందూరు నేతవాళ్ల కథయితే నూలు ముడి కావచ్చు, బొబ్బిలి వీణ చేసేవాళ్ల ఇంట్లో పనసచెక్క మీద ఉలి గాటు కావచ్చు. ఆ మనిషి బతుకు ఆ వస్తువు మీద ఒక గుర్తు వదలాలి. ఆ గుర్తు వెనక ఇంకొకరి కోసం పడ్డ కష్టం ఉండాలి.

నాలుగో మెట్టు: ద్రోహం చేసేవాడిని పాఠకుడు ఇష్టపడాలి

రాజుని మొదటిసారి రాసినప్పుడు నల్ల కళ్లద్దాలు, ఖరీదైన బండి పెట్టాను. మూడో పేజీలోనే వాడే దొంగ అని చదివిన ప్రతివాళ్లూ చెప్పేశారు. రెండోసారి మార్చాను. తుపాను షెల్టరు గదిలో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతాడు. నీలవేణి నాన్నని తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళతాడు. చీటీ డబ్బు మొదట వాడింది కూడా చెడ్డపనికి కాదు, ఒకామె కూతురి కాన్పుకి. ఆ కన్నం పూడ్చడానికి ఇంకో కన్నం, దాన్ని పూడ్చడానికి ఇంకోటి. చీటీలు నడిపే మనుషుల పతనం సాధారణంగా అలాగే ఉంటుంది.

దేవి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్క ప్రియుణ్ణి ప్రేమించిందని పెట్టడం తేలిక. పెట్టకండి, అది ఎన్నోసార్లు నలిగిపోయిన దారి. నా కథలో రాజు ఒక కాగితం ఇచ్చి "మీ అప్ప పేరు మీద నాన్న మందులకి అప్పు తీస్తున్నాం, నువ్వు వేలిముద్ర వెయ్యి" అన్నాడు (అప్ప అంటే అక్క), వేసింది. అంతే. అది దేనికి వాడారో వారం తర్వాత తెలిసింది. తెలిసీ ఏడేళ్లు నోరు విప్పలేదు. ద్రోహమంటే ఆ వేలిముద్ర కాదు, ఆ ఏడేళ్లు. ఆమె ఎందుకు ఊరుకుందో ఒక అధ్యాయం మొత్తం ఆమె వైపు నుంచే రాయండి. భయం, సిగ్గు, తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్లి. ఏ రోజుకారోజు రేపు చెబుదాం అనుకోవడమే.

అయిదో మెట్టు: స్టేషన్లో ఏం జరుగుతుందో తెలుసుకుని రాయండి

ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ వదిలేయకండి. మన నవలల్లో సీఐ ఒక్కడే పరిగెడతాడు, కాలుస్తాడు, తీర్పు కూడా ఇచ్చేస్తాడు. నిజానికి ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఎస్పీ అని మెట్లున్నాయి. స్టేషన్లో అందరికంటే తెలివైనవాడు తరచుగా రైటరు, రాతకోతలు చూసే మనిషి. ఫిర్యాదు వస్తే "మహిళ అదృశ్యం" అని కేసు కడతారు. 18 దాటిన మనిషి తన ఇష్టంతో వెళ్లిపోయానని చెబితే పోలీసులు బలవంతంగా ఇంటికి తేలేరు. అందుకే "లేచిపోయింది" అన్న మాట వినగానే వెతుకులాట చల్లబడుతుంది. పైగా తుపాను బందోబస్తులో మునిగిన ఎస్సైకి ఆ రసీదు వరంలా దొరికింది. అతన్ని చెడ్డవాడిగా చూపించక్కర్లేదు, నిద్రలేని మనిషిగా చూపిస్తే చాలు.

చట్టం పేర్లు తేదీని బట్టి మారతాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి 103వ సెక్షన్. నేరం 2018లో జరిగితే మాత్రం పాత ఐపీసీ 302వ సెక్షనే. ఈ పొరపాటు నేను చేశాను, ఒక ప్లీడరు గారు నవ్వారు.

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో చెల్లదు. కాబట్టి హంతకుడు లాకప్పులో కూలబడి అంతా చెప్పేసే సన్నివేశంతో కేసు గెలిచినట్టు రాయకండి. అతను చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువో చోటో బయటపడితే ఆ మేరకు మాట చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 27వ సెక్షన్, కొత్త చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. అంటే రాజు చెప్పిన కథ కంటే అతను వేలెత్తి చూపించిన గొయ్యి ముఖ్యం.

చూసిన సాక్షి లేని కేసుల గురించి సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో అయిదు సూత్రాలు చెప్పింది. గొలుసు తెగకూడదు, నిందితుడి నేరం తప్ప ఇంకే వివరణకీ చోటు మిగలకూడదు అన్నది వాటి సారం. నేను దాన్ని కథ అల్లడానికి వాడుకుంటాను. చివరి అధ్యాయం రాసేముందు ఒక కాగితం మీద "రాజు కాకపోతే ఇంకెలా జరిగుండొచ్చు?" అని రాసి, తోచినవన్నీ కింద పెడతాను. ప్రతిదాన్నీ కథలో ఏదో ఒక పేజీ కొట్టెయ్యాలి.

ఆరో మెట్టు: ఊరి నోరు

పట్నం థ్రిల్లర్లో పుకారు సెల్‌ఫోన్లో తిరుగుతుంది. మన దగ్గర అది బోరింగు దగ్గర మొదలై పిక్కల షెడ్డులో పెరిగి సాయంత్రానికి తీర్పు అయి కూర్చుంటుంది. "ఓలమ్మ, నానప్పుడే అనుకున్నాను" అన్న ఒక్క మాటతో ఎంతమంది బతుకులు తేలిపోయాయో. నీలవేణి లేచిపోయిందని నమ్మడం ఊరికి సుఖం. నమ్మకపోతే వెతకాలి కదా.

యాస గురించి అందరూ అడుగుతారు. వర్ణన మామూలు తెలుగులో, మాటలు యాసలో, అదీ అవసరమైనంతే. ప్రతి "చ"నీ "స" చేసి, ప్రతి మాట చివరా "ఏటి" తగిలిస్తే అది సినిమా కామెడీ అవుతుంది. మనిషిని బట్టి మార్చండి. షెడ్డులో పనిచేసే ముసలామె "ఆ గుంట ఎల్లిపోనాదంటే నాను నమ్మను" అంటుంది (గుంట అంటే ఆడపిల్ల). అదే మాట దేవి అంటే "వెళ్లిపోయిందంటే నమ్మలేను" అవుతుంది, హాస్టల్ చదువు కదా. ఆమె ఏడుస్తూ ఒక్కసారి "అప్ప నేదు" అంటే చాలు, పాఠకుడి గుండె జారుతుంది. నాలుగొందల పేజీల్లో ఆ మాట ఒక్కసారే వాడాను.

ఏడో మెట్టు: ఎక్కడ మొదలుపెట్టాలి

2018లో కాదు. 2025లో. ఏడేళ్ల పాటు ఒక మనిషి గురించి, బతికుంటే వినవలసినవాళ్లు ఏమీ వినకపోతే, ఆ మనిషి చనిపోయినట్టు భావించడానికి చట్టంలో దారి ఉంది. బతికున్నారనేవాళ్లే రుజువు చెయ్యాలి. పాత చట్టంలో 108వ సెక్షన్. తిత్లీకి ఏడేళ్లు కలిపితే 2025 అక్టోబరు. నీలవేణి పేరు మీదున్న ఇంటి జాగా అమ్మాలి, అందుకని అక్క చనిపోయినట్టు ప్రకటించమని దేవి సోంపేట కోర్టుకి వెళుతుంది. వేలిముద్ర వేసిన మనిషే వచ్చి అడుగుతోందన్న సంగతి పాఠకుడికి అప్పటికి తెలియదు. అదే సమయానికి అప్పన్న వేరావల్ నుంచి శాశ్వతంగా తిరిగొస్తాడు, కోర్టు కాగితాల్లో ఆ పాత రసీదు చూస్తాడు.

ఈ ఏడేళ్ల ఎడంతో ఇంకో లాభం ఉంది. ఫోన్ కంపెనీలు కాల్ రికార్డులు రెండేళ్లు ఉంచితే చాలు. 2025లో తవ్వుదామన్నా ఉండవు. మిగిలేవి కాగితం, మనుషుల జ్ఞాపకం, మట్టి.

రెండు కాలాలూ మార్చి మార్చి నడపండి, కానీ ఒకటికొకటి అని లెక్కగా వద్దు. నేను ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఏ అధ్యాయం చివరికి ఎవరికి ఏం తెలుసో రాసుకుంటాను: రాజుకి, దేవికి, అప్పన్నకి, ఊరికి, పాఠకుడికి. పాఠకుడి గడి అప్పన్న గడి కంటే ఒక అడుగు ముందుంటే భయం పుడుతుంది, ఒక అడుగు వెనకుంటే కుతూహలం పుడుతుంది. రెండూ కావాలి. ఏ గడీ వరసగా మూడు అధ్యాయాలు మారకుండా ఉండకూడదు.

ఎనిమిదో మెట్టు: తవ్వకం

ఇక్కడ చాలామంది రక్తం ఎక్కువ పోస్తారు. ఏడేళ్ల తర్వాత రక్తం ఉండదు. ఎముకలు, పళ్లు, గాజు ముక్కలు, నైలాన్ బట్ట పీలికలు ఉంటాయి. తవ్వకం తహసీల్దారు సమక్షంలో జరుగుతుంది, ప్రభుత్వ డాక్టరు అక్కడికే వస్తారు, సాక్షులుగా పిలిచిన మధ్యవర్తులు రిపోర్టు మీద సంతకం పెడతారు. తొడ ఎముక నుంచో పన్ను నుంచో డీఎన్‌ఏ తీసి తోబుట్టువు రక్తంతో పోలుస్తారు. ఎవరి రక్తం? దేవిది. ఆ సూది గుచ్చే సన్నివేశం కొట్లాటల కంటే బలంగా వస్తుంది.

ఆ గొయ్యి మీద ఇప్పుడేముంది? తుపాను తర్వాత నాటిన జీడిచెట్టు, కాపుకొచ్చింది. దాన్ని కొట్టకుండా తవ్వడం కుదరదు. చెట్టు యజమాని అడ్డం పడతాడు. ఆయనకి ఏమీ తెలియదు, పాపం, మళ్లీ చెట్టు పోతోందన్నదే ఆయన బాధ. ఇలాంటి మనిషి ఒకడు అక్కడుంటే ఆ దృశ్యం నాటకంలా కాక నిజంలా ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: ఆ పని చేసినవాళ్లకి చదివి వినిపించండి

అచ్చుకి పంపేముందు నవలని సాహిత్యకారులకి కాదు, కథలోని పని తెలిసినవాళ్లకి వినిపించండి. నేను పాతికేళ్లు పిక్కల పని చేసిన ఒకావిడకి మూడు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. చింతపండు గింజలు తీస్తూ వింది. గుండు పప్పు ధర తప్పు రాశానని ఒకచోట ఆపింది, షెడ్డులో అంత పొగ ఉండదని ఇంకోచోట. తవ్వకం దగ్గర ఏమీ అనలేదు.

చివర్లో మాత్రం గింజలు పక్కన పెట్టి అడిగింది. "అన్నీ బాగున్నాయి బాబూ. ఆ రాజుగాడు ఆ గుంట సెయ్యి పట్టుకుని అన్నేళ్లు తిరిగినాడు కదా. ఆ యేళ్ల మీద గీతల్లేవని ఆడికి తెలీనేదా? తెలిస్తే ఇంకో మనిషి యేలు అంత సుబ్బరంగా ఎందుకు ఏయించుకుంటాడు?"

నేను దాన్ని తప్పు అనుకున్నాను. కథ మొత్తం కూలిపోయిందనుకుని రెండు రోజులు కాగితాలు ముట్టలేదు. మూడో రోజు ఆఖరి అధ్యాయం చింపేసి మళ్లీ రాశాను. కోర్టు వరండాలో రాజు, అప్పన్న ఎదురుపడతారు. ఎలా పట్టుకున్నావని రాజు అడుగుతాడు. డిపో దగ్గర వరసలో తన ముందు నిలబడి నీలవేణి వేళ్లు తుడుచుకున్న సంగతి అప్పన్న చెబుతాడు. రాజు తన అరచేతిని ఒకసారి విప్పి చూసుకుంటాడు. కానిస్టేబులు రమ్మంటే లేచి వెళతాడు.